ముందే చెప్పిన సాక్ష్యం

వైవా రోజు పొద్దున మా ఇంట్లో ఎవరూ నాతో ఒక మంచి మాట చెప్పలేదు. మా ఆయన జయప్రకాష్ హెల్మెట్ వెతుక్కుంటున్నాడు. మా పాప జెస్సికా ఆకుపచ్చ పెన్సిల్ వెతుక్కుంటోంది. మా అత్త హన్నమ్మ దేన్నీ వెతుక్కోకుండా మంచం మీద కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. హెల్మెటూ పెన్సిలూ రెండూ నాకే దొరికాయి. ఈ ఇంట్లో పోయినవన్నీ నాకే ఎందుకు దొరుకుతాయో రెండేళ్లు ఎంబీఏ చదివినా తెలియలేదు.

నలభైకి దగ్గరపడ్డాక ఎంబీఏ ఏమిటని ఆళ్లగడ్డలో చాలామంది అడిగారు. జెస్సికా పుట్టకముందు నేను నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఏ లారీ ఏ ఊరికి పోవాలో, ఏ డీలరు ఏ సీజన్లో ఏ అబద్ధం చెబుతాడో నాకు కంఠతా వచ్చు. పాప పుట్టాక మానేశాను. పాప బడిలో పడ్డాక మళ్లీ వెళ్లి అడిగితే, నా పాత కుర్చీలో కూర్చున్న అబ్బాయి నన్ను మేడమ్ అని పిలిచి, మీ అనుభవానికి పెద్ద పోస్టే ఇవ్వాలి గానీ దానికి ఎంబీఏ ఉండాలన్నాడు. అది నన్ను మర్యాదగా సాగనంపే మాటని నాకు తెలుసు. నేను నిజంగానే పోయి చేరతానని అతనికి తెలియదు.

ఈ జూన్‌లో ఆ పోస్టు ఖాళీ అవుతోంది. అప్పటికి చదువు పూర్తయితే, పేరుకో ఇంటర్వ్యూ పెట్టి నాకే ఇస్తానని ఈసారి మేనేజరు నోటితోనే అన్నాడు. పరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది ప్రాజెక్టు వైవా ఒక్కటే. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. పోస్టు అప్పటిదాకా ఆగదు. నేనూ ఆగలేను. పౌరుషం మిగిలి ఉంది గానీ ఓపిక అయిపోయింది.

ఈ చదువంతా కుక్కర్ విజిళ్ల మధ్య, జెస్సికా ఎక్కాల మధ్య, ఆర్టీసీ బస్సులో చదివాను. చదివాను అనడం గొప్పకే. పుస్తకం ఒళ్లో తెరిచి నిద్రపోయేదాన్ని. నంద్యాల నుంచి తిరిగొస్తూ ఒకసారి ఆళ్లగడ్డ దాటిపోయి చాగలమర్రిలో లేచాను. టైమ్ మేనేజ్‌మెంట్ అనే పాఠం చదవడానికి నాకు చివరిదాకా టైము దొరకలేదు. అందులో మాత్రం మంచి మార్కులే వచ్చాయి.

మా అత్త ఈ రెండేళ్లూ నా చదువు గురించి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక్కసారి మాత్రం నోరు విప్పింది. నా ప్రాజెక్టు ఆళ్లగడ్డ శిల్పుల వ్యాపారం మీద. నెలల తరబడి వాళ్ల షెడ్లలో తిరిగి, తలనిండా రాతిదుమ్ముతో ఇంటికొచ్చేదాన్ని. దేవుళ్ల విగ్రహాలు చెక్కేచోట క్రైస్తవుల ఇంటి కోడలికి పనేమిటని చర్చిలో ఎవరో అడిగారట. ఆ సాయంత్రం అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "లోకంలో నీకు ఇంగేం దొరకలేదా మే?" అంది. తర్వాత తనే స్నానానికి వేడినీళ్లు తోడింది. ఆ రెండింట్లో ఏది ఆమె అసలు అభిప్రాయమో నేను తేల్చుకోలేదు. తేల్చుకునే తీరికా లేదు.

ఆ రోజు రెండో శనివారం. జెస్సికాకి సెలవు. జయప్రకాష్ కొలిమిగుండ్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేస్తాడు, అక్కడికి పోయాక ఫోను సరిగా తగలదు. పాపని అవ్వ దగ్గర, అవ్వని పాప దగ్గర వదిలిపెట్టి, బొరుగుల ఉగ్గాని చేసి మూతపెట్టి, బస్సెక్కాను.

నంద్యాలలో మా కాలేజీ వరండా నిండా కుర్రాళ్లు. కొత్త చొక్కాలు, అరువు తెచ్చుకున్న టైలు. ప్రశ్నలడగడానికి అనంతపురం నుంచి ఒక ప్రొఫెసర్ రావాలి. ఇంకా రాలేదు. పిలిచేది రోల్ నంబర్ల వరసలో. నేను ఆఖరి కౌన్సెలింగ్‌లో చేరాను కాబట్టి వరసలోనూ ఆఖరే. నా పక్కన కూర్చున్న కిరణ్‌ది పగిడ్యాల. చేరిన కొత్తలో ఆంటీ అని పిలిచాడు. ఆంటీ అన్నవాళ్లకి నోట్స్ ఇవ్వనని చెప్పాను. ఆ సాయంత్రానికి క్లాసంతా అక్కా అనడం నేర్చుకుంది.

ఎండ ముదిరింది. ప్రొఫెసర్ జాడలేదు. అప్పుడు ఇంటి నుంచి ఫోనొచ్చింది.

"అమ్మా, అవ్వ తిననంటాంది," అంది జెస్సికా.

ఉగ్గాని పళ్లెంలో పెట్టి ఇవ్వమన్నాను.

"ఇస్తి. వద్దంట. నీ పరీక్ష అయ్యేదాకా తినదంట. దేవునికి చెప్పేసిందంట."

మా చర్చిలో ఆడవాళ్లకు ఉపవాస ప్రార్థన కొత్తేం కాదు. పిల్లల పరీక్షలకీ, ఆపరేషన్లకీ, కోర్టు వాయిదాలకీ ఉంటారు. పని అయ్యేదాకా ముద్ద ముట్టరు. కానీ మా అత్తకు షుగరుంది. మాత్ర వేసుకుందా అని అడిగాను. పొద్దున్నే వేసుకుందని చెప్పింది జెస్సికా.

నేను లేచి నిలబడ్డాను. ఫోను అవ్వకివ్వమన్నాను.

"అత్తా, మాత్ర ఏసుకోని తినకుంటే పడిపోతావు."

"అలవాటుగా ఏసుకుంటి. ఏసుకున్యాక గుర్తొచ్చె." గొంతు నీరసంగా ఉంది. "మాటిచ్చినాక ఎట్ల తినేది?"

"నిన్నెవరు ఇయ్యమన్యారు?"

"పెద్దాయప్ప ముందరికి పోతాండావు. ఎనకటికి ఇంట్లోంచి ఒకరు రాజు ముందరికి పోతే, ఇంటికాడ ఉన్నోళ్లు తిని కూచున్యారా?"

ఆ రాజుగారి కారు ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికీ తెలియదు. కనీసం చక్కెర నీళ్లయినా తాగమన్నాను. చక్కెర నీళ్లు మాత్రం ఆహారం కాదా అంది. దేవుడి దగ్గర మా అత్త ఎప్పుడూ సందులు వెతకదు. పక్కింటి నాగేశ్వరమ్మని పిలిపించాను. ఆమె హిందువు, బుద్ధిమంతురాలు, బలమైన మనిషి. గద్దించి తినిపిస్తుందనుకున్నాను.

"మొక్కుకున్యాక మనం అడ్డం పడకూడదు ప్రసన్నా," అందామె. "యే దేవుడైతే ఏంది. నాకైతే భయం." ఆగి, గొంతు తగ్గించి, "చెమట మాత్రం కారిపోతాంది. చేతులు వణకతాండాయి," అని చెప్పింది.

నేను బస్సెక్కి ఇల్లు చేరేసరికి గంట పైనే పడుతుంది. ఈలోపు నా నంబరు పిలిస్తే గైర్హాజరు. జూన్ పోయినట్టే. ఇంటికి పోకపోతే, నా పరీక్ష కోసం పస్తున్న మనిషి నా పరీక్ష వల్లే పడిపోతుంది. రెండేళ్లు డెసిషన్ మేకింగ్ చదివాను. అందులో అన్ని దారులకీ పటాలుంటాయి, అత్తలుండరు.

ఫోను మళ్లీ అత్తకివ్వమన్నాను.

"అయిపోయింది అత్తా. ఇప్పుడే పిలిచినారు. పాసంట."



"ఇంత బేగానా?"

"నన్నే ముందు పిలిచినారు. పెద్దదాన్ని కదాని."

కిరణ్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు తిరిగాను. గోడ మీద 'విలువలతో కూడిన విద్య' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మళ్లీ కిరణ్ వైపే తిరిగాను.

ఫోనులో స్తోత్రం అనే మాట వినిపించింది. తర్వాత పళ్లెం చప్పుడు. తర్వాత జెస్సికా, "తింటాంది అమ్మా. నాగేశ్వరమ్మవ్వ చక్కెర నీళ్లు గూడా తాగిపిచ్చె," అంది. మెట్ల మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళకు కబురొచ్చింది. ప్రొఫెసర్ కారు బనగానపల్లె దగ్గర చెడిపోయిందట. వైవా సోమవారానికి వాయిదా. కుర్రాళ్లు హాయిగా టైలు విప్పేశారు. అప్పటిదాకా నేనాడిన అబద్ధం, ఇంకో గంటకో రెండు గంటలకో నిజమైపోయే అబద్ధం. ఇప్పుడది సోమవారం దాకా బతకాలి.

ఇంటికొచ్చేసరికి అత్త ముఖం తేటగా ఉంది. మెచ్చుకోలేదు. "అన్నం తిను," అంది, అంతే. కానీ అప్పటికే పాస్టరుగారి భార్యకు చెప్పింది. జూపాడు బంగ్లాలో ఉన్న చెల్లెలికి ఫోను చేసి చెప్పింది. పాలబ్బాయికి కూడా చెప్పిందని అతను మరుసటి రోజు నన్ను అభినందించినప్పుడు తెలిసింది.

సాయంత్రం జయప్రకాష్‌కి వంటింట్లో జరిగిందంతా చెప్పాను. జెస్సికా గడప దగ్గర కూర్చుని చెట్టుకు ఆకుపచ్చ రంగు వేసుకుంటోంది. అత్తకు నిజం చెప్పేయనా అని అడిగాను.

"చెప్పినావనుకో, ఈ నిమిషం నుంచే మల్ల మొదలుపెడ్తాది. సోమవారం దాకా పస్తుంటాది," అన్నాడాయన. పాయింటు సరైనదే. ఆయన ఈ విషయంలో చేసిన సాయం కూడా అంతే.

మరుసటి రోజు ఆదివారం. మా చర్చిలో పాటలయ్యాక, వాక్య ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్లు లేచి అందరి ముందూ చెబుతారు. మా అత్త అలా లేవడం ఇన్నేళ్లలో ఒక్కసారే చూశాను, మామ ఉన్న రోజుల్లో ఆయనకు ఆపరేషనై బతికి బయటపడినప్పుడు. ఆ రోజు రెండోసారి లేచింది.

"నా కోడలు పెద్ద పరీక్ష నెగ్గింది," అంది. "బిడ్డను సాక్కుంటా, నన్ను సాక్కుంటా, బస్సుల్లో పండుకుంటా చదివింది. నేను యేనాడూ ఒక మంచిమాట చెప్పలే. దేవుడు చెప్పినాడు. ఆయనకి స్తోత్రం."

చర్చంతా స్తోత్రం అంది. నేను చీర అంచులో ఒక పోగు లాగడం మొదలుపెట్టాను. ఆ పోగు ఎంతకీ తెగలేదు. ఆమె నోటి నుంచి అలాంటి మాట వినాలని రెండేళ్లుగా నాకు ఎక్కడో కోరిక ఉండి ఉంటుంది. అది వచ్చిన రోజున దాన్ని తీసుకునే అర్హత నాకు లేకపోయింది. పాస్టరుగారు అంతటితో వదల్లేదు. నన్ను నిలబెట్టి, పదో తరగతి రాస్తున్న పిల్లలందరి కోసం నా చేత ప్రార్థన చేయించారు. వాళ్లకి జ్ఞాపకశక్తి, ఆరోగ్యం ఇవ్వమని అడిగాను. నిజాయితీ అడగబోయి మానేశాను.

సోమవారం పొద్దున జెస్సికాని బడి ఆటో ఎక్కించి, మళ్లీ శనివారం నాటి చీరే కట్టుకున్నాను. అత్త వంటింట్లో ఉంది. సర్టిఫికెట్ మీద ఒక సంతకం పెట్టి రావాలని చెప్పాను.

"పో," అంది. పొయ్యి మీంచి చూపు తిప్పలేదు. "పెద్దాయప్ప కారు ఈరోజన్నా నడుస్తాదా?"

నా చేతిలో ఫైలు అలాగే ఉండిపోయింది.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్తారు. పాప. శనివారం నా పక్కన పండుకున్యప్పుడు చెప్పె. అవ్వా, నీకు చెప్పకూడదంట, అని మొదలుపెట్టి అంతా చెప్పె."

నాకు లెక్క తప్పింది. "శనివారమే తెలిస్తే మల్ల నిన్న చర్చిలో ఎట్ల చెప్పితివి అత్తా?"

"తెలిసే చెప్పినా." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు నా కోసరం అబద్ధం చెప్తివి. దాన్ని అట్లనే వదిలేస్తే అబద్ధంగానే పడుంటాది. ముందర నిల్చోని అందరికీ చెప్పేస్తే, ఇంగ నువ్వు నెగ్గల్ల. తప్పేదానికి లేదు. ఆయనకీ లేదు, నీకూ లేదు."

ఆయన అంటే ప్రొఫెసరా దేవుడా అని నేను అడగలేదు.

"తప్పితే?"

"తప్పితే నేను ఆ చర్చికి పోలేను. ఈ వయసులో కొత్త చర్చి యాడ ఎతుక్కునేది? నన్ను అబద్ధికురాల్ని చెయ్యాకు. పో."

"నువ్వు తింటివా?"

"తిన్యా."

సింకులో ఆమె పళ్లెం కడిగి, తడిగా, బోర్లించి ఉంది. నమ్మాను.

బస్సులో ఆ రోజు నిద్ర రాలేదు. ఇంతకుముందు తప్పితే నా ఉద్యోగం పోయేది. ఇప్పుడు ఒక ముసలామె మళ్లీ ఆదివారం మొహం ఎత్తుకుని చర్చికి పోవడం కూడా నా మీదే ఉంది. మోటివేషన్ గురించి ఒక పేపరంతా చదివాను గానీ, ఈ రకం అందులో లేదు.

ప్రొఫెసర్ వచ్చాడు. పెద్ద మనిషి, నాలాగే అలిసిపోయిన కళ్లు. ఆఖరున నేను లోపలికి వెళ్లేసరికి ఆయన ముందు టీ చల్లారి మీగడ కట్టి ఉంది. నా రిపోర్టు రెండు పేజీలు తిప్పాడు. రాయి ఎక్కడి నుంచి వస్తుందో, కొనేవాళ్లు ఏయే రాష్ట్రాల వాళ్లో అడిగాడు. చెప్పాను. ఈ మాత్రం కుర్రాళ్లందరూ చెప్పే ఉంటారన్నట్టు తలాడించాడు. తర్వాత, ఈ వ్యాపారంలో అన్నిటికంటే పెద్ద రిస్కు ఏమిటని అడిగాడు.

పుస్తకం ప్రకారం జవాబు నా రిపోర్టులోనే ఉంది. ముడి సరుకు ధరలు, యంత్రాల పోటీ, రవాణాలో విరగడం. అవన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"పని కాకముందే పత్రికలు పంచడం సార్," అన్నాను.

ఆయన పెన్ను ఆగింది. వివరంగా చెప్పమన్నాడు.

చెప్పాను. గుడివాళ్లు విగ్రహం కోసం ఆర్డరిచ్చేటప్పుడే ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టించుకుని వస్తారు. ఇక్కడ రాయి మీద గీత కూడా పడి ఉండదు, అక్కడ ఆహ్వాన పత్రికలు అచ్చేసి ఊరూరా పంచేస్తారు. వాళ్ల దృష్టిలో విగ్రహం అప్పటికే వచ్చేసింది. మధ్యలో రాయి పగులు చూపినా, శిల్పికి జ్వరమొచ్చినా, ఆ తేదీ మారదు.

"మరి అలాంటప్పుడు శిల్పి ఏం చేస్తాడమ్మా?" అన్నాడాయన.

"పూర్తి చేస్తాడు సార్. తనని నమ్మి ముందే ఊరికి చెప్పేసినవాళ్లు తలవంచుకోకూడదు కదా. నేను మాట్లాడిన వాళ్లలో, దీనికి తిట్టుకోనివాళ్లు లేరు. తేదీ తప్పినవాళ్లూ లేరు."

నవ్వాడు. ఆ రోజుకి అదే మొదటి నవ్వయి ఉంటుంది. ఇది రిపోర్టులో ఎందుకు రాయలేదని అడిగాడు. రాసేటప్పటికి నాకూ తెలియదని చెప్పాను. అది పూర్తిగా నిజం. ఆయన ఏదో అంకె వేసి, సంతకం పెట్టి, "మీకేం ఢోకా లేదు. పాసయ్యారు, వెళ్లి రండి," అన్నాడు.

వరండాలోకొచ్చి ఇంటికి ఫోను చేశాను.

"అయిపోయింది అత్తా. పాస్."

"నిజంగానా?"

"నిజంగానే."

"పక్కన ఎవరన్నా ఉండారా?"

ఫోను కిరణ్‌కిచ్చాను. వాడు నిటారుగా నిలబడి, "అవునవ్వా, ప్రసన్నక్క పాసయింది. నేను గూడా అయినా," అని చెప్పాడు. వాడి సంగతి ఆమె అడిగినట్టు లేదు. ఫోను తిరిగి తీసుకునేసరికి అవతల నాగేశ్వరమ్మ గొంతు వచ్చింది.

"ఇంగ చాలు, పెట్టెయ్ ప్రసన్నా. తిననీ ఆమెను. పొద్దుట్నుంచి మంచినీళ్లే."

"తిన్యానని చెప్పె కదా నాకు. పళ్లెం గూడా కడిగి ఉండె."

"ఒట్టి పళ్లెం కడిగి పెట్టిందంట. నన్ను పక్కనే కూచోపెట్టుకున్యాది. మాత్ర మాత్రం ఈసారి ఏసుకోలేదులే, శనివారం నేర్చుకున్యాది," అంది నాగేశ్వరమ్మ. వెనక నుంచి పళ్లెం చప్పుడూ, ఉగ్గానిలో ఉప్పు తక్కువైందని మా అత్త తనలో తనే అంటున్న మాటా వినిపించాయి. ఈ పూట చేసింది ఆమే కాబట్టి ఆ మాట నాకు తగల్లేదు.

బస్టాండులో సీటు దొరికింది, కిటికీ పక్కనే. రాత్రికి కూరేం చేయాలో, జెస్సికాకి రహస్యమంటే ఏమిటో ఎలా నేర్పాలో, మాత్ర ఇప్పుడు వేసుకోవచ్చా అని డాక్టరుని ఎప్పుడు అడగాలో ఒకటొకటిగా గుర్తొచ్చాయి. కండక్టరుకి ఆళ్లగడ్డలో లేపమని రెండుసార్లు చెప్పాను. జూన్‌లో ఇంటర్వ్యూ తేదీ మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని తీర్మానించుకుని, నంద్యాల దాటకముందే నిద్రపోయాను.